దాచిన రెండు గంటలు

నాన్నగారికి నమస్కారములు.

నాకు గుండెపోటు వచ్చిన సంగతి ఫోనులో చెప్పాను గాని, అంబులెన్సును పిలవడానికి 2 గంటలు ఆలస్యం చేశానన్న మాట దాచాను. అమ్మ పక్కనే ఉన్నదని కొంత, సిగ్గుపడి కొంత.

ఆ రాత్రి 3 దాటాక, ఛాతీ మధ్యలో ఎవరో మోకాలు ఆనించి నొక్కుతున్నట్టయి మెలకువ వచ్చింది. సినిమాల్లోలాగా గుండె పట్టుకుని కూలిపోయేంత నొప్పేమీ కాదు. కాసేపు తగ్గేది, మళ్ళీ వచ్చేది. తగ్గినప్పుడల్లా గ్యాసేనని సర్దిచెప్పుకున్నాను. దవడ లాగుతుంటే పంటినొప్పి అనుకున్నాను. చెమటకు బనియను తడిసి ముద్దయితే, దాన్ని విప్పి, ఉతికిన చొక్కా తొడుక్కుని, అద్దం ముందు నిలబడి గడ్డం కూడా గీసుకున్నాను. ఒకవేళ ఆస్పత్రికి వెళ్ళవలసి వస్తే మనిషి మర్యాదగా కనిపించాలి కదా! అంటే విషయం లోపల తెలుస్తూనే ఉంది. తెలియక ఆగలేదు నాన్నగారూ. సైరను మోతకు వీధంతా లేచాక చివరికి ఏమీ లేదని తేలితే నవ్వులపాలవుతానని ఆగాను.

గుండెకు రక్తం అందించే ధమనిలో పేరుకున్న కొవ్వు చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతే, అరగంట తిరిగేసరికి కండరం చావడం మొదలవుతుందని, చచ్చిన కండరం మళ్ళీ రాదని డాక్టరమ్మ తరువాత చెప్పారు. స్టెంటు వేసి దారి తెరిచారు గాని, కొంత కండరం అప్పటికే పోయింది. కారు నేనే నడుపుకుంటూ వద్దామనుకున్నానంటే ఆమెకు కోపం వచ్చింది. గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోయే ప్రమాదం మొదటి గంటలోనే ఎక్కువట. అప్పుడు షాక్ ఇచ్చే యంత్రం అంబులెన్సులో ఉంటుంది గాని నా కారులో ఉండదు.

మొన్న మెట్లెక్కుతుంటే ఆయాసం, వికారం వచ్చాయనీ, పడుకుంటే తగ్గిపోయాయనీ మీరు తేలిగ్గా అన్నప్పటినుంచి నాకు నిద్ర లేదు. మీకు 20 ఏళ్ళుగా షుగరు. షుగరున్నవారికి, పెద్దవయసువారికి, ఆడవారికి ఛాతీనొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు. ఈ ఉత్తరం అందిన రోజే డాక్టరుకు చూపించుకోండి. మళ్ళీ అలా అనిపిస్తే మాత్రం తగ్గుతుందేమోనని చూడకుండా, వెంటనే అంబులెన్సును పిలిచి, వీధి తలుపు గడియ తీసి కూర్చోండి. నాకు ముందుగా ఫోన్ చేయకండి. ఇంత దూరం నుంచి నేను "ఎలా ఉంది, ఎప్పటినుంచి" అని అడగడానికే పది నిమిషాలు పోతాయి.

దీన్ని అమ్మకు చదివి వినిపించండి. గడ్డం సంగతి కూడా దాటవేయకండి.

మీ కుమారుడు