మూడో హెచ్చరిక తర్వాత ఏమిటి?

సంపాదకులకు,

గోదావరికి వరదొస్తే పత్రికల్లో ఎప్పుడూ అవే అంకెలు. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10, 13, 17 లక్షల క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగుల నీరు). మొదటి, రెండో, మూడో ప్రమాద హెచ్చరికలు. అక్కడితో మెట్లు అయిపోతాయి. 2022 జులైలో భద్రాచలం నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. చివరి హెచ్చరిక దాటాక మరో 18 అడుగులు పెరిగిందన్నమాట. ధవళేశ్వరంలో ప్రవాహం 25 లక్షలు దాటింది. 18 లక్షలప్పుడూ, 25 లక్షలప్పుడూ జనం విన్నది 'మూడో హెచ్చరిక కొనసాగుతోంది' అనే. 1986లో 75.6 అడుగులకు పొంగిన నదికి 53 దగ్గరే ఆగిపోయే కొలత ఎలా సరిపోతుంది? అసలు ఏటిగట్ల మీద ఒత్తిడి పెరిగేది ఆ తర్వాతే కదా. 20 లక్షలకు ఒకటి, 25 లక్షలకు ఒకటి, ఇంకో రెండు హెచ్చరికలు చేర్చాలి. ఏ హెచ్చరికకు ఏ శాఖ ఏం చేయాలో ముందే రాసిపెట్టాలి.

లంక (నది మధ్య దీవి) రైతుకు కావలసిన కబురు ఒకటే: నీళ్లు మా అరుగు మీదకి ఎప్పుడొస్తాయి? అది చెప్పడం కష్టమేమీ కాదు. రేవులో, బడి దగ్గర, గట్టు దిగే చోట ఒక్కో స్తంభం ఎంచుకుని, వరద రోజుల్లో గంట గంటకూ నీటిమట్టం, దాంతోపాటు ధవళేశ్వరం గేజి (అక్కడి నీటిమట్టం కొలత) రాసుకోవాలి. ఒకటి రెండు వరదలు గడిస్తే మూడు హెచ్చరికల మట్టాలైన 11.75, 13.75, 17.75 అడుగుల గేజికి ఆ ఊళ్లో నీరు ఎంతదాకా వస్తుందో తేలుతుంది. ఆ గీతలకు రంగు వేస్తే చాలు. సముద్రానికి దగ్గరి ఊళ్లలో మాత్రం పోటుకీ పాటుకీ లెక్క వేరుగా ఉండాలి. అమావాస్య, పౌర్ణమి పోట్లప్పుడు వరద నీరు త్వరగా దిగదు.

'భద్రాచలంలో తగ్గుముఖం' అన్న శీర్షిక చూసి లంకల వాళ్లు సామాన్లు కిందికి దించేసుకుంటున్నారు. ఆ నీరు ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. దారిలో కూనవరం దగ్గర శబరి నది కలుస్తుంది. పైన తగ్గుతున్నా కింద పెరుగుతూనే ఉంటుంది. గోదావరి నిండుగా ఉంటే శబరి వెనక్కి తన్ని చింతూరును ముంచుతుంది. అక్కడ చినుకు పడక్కర్లేదు. అందుకే భద్రాచలంతోపాటు శబరి మీద కుంట అనే ఊరి దగ్గరి గేజి అంకె కూడా పేపర్లో వేయండి. ప్రతి అంకె పక్కన ఏ గంటకు తీసినదో, గంటకు ఎంత పెరుగుతోందో ఉండాలి. సమయం లేని అంకె తెల్లారి పేపర్లో చదివితే ఎందుకూ కొరగాదు.

'బ్యారేజీ గేట్లు ఎత్తేసి మమ్మల్ని ముంచారు' అనడమూ ఏటా వినిపించేదే. బ్యారేజీలో పట్టేది మూడు టీఎంసీలలోపే (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). 10 లక్షల క్యూసెక్కులొస్తే 17 నిమిషాలకు ఒక టీఎంసీ చొప్పున నీరు దిగుతుంది. ఖాళీ బ్యారేజీ అయినా గంటలోపే నిండుతుంది. 175 గేట్లూ ఎత్తి, వచ్చింది వచ్చినట్టు వదలడం తప్ప అక్కడ చేయగలిగింది లేదు.

గట్ల కాపలా సంగతి ఇంకా ముఖ్యం. గట్టు తెగడానికి ముందు చాలాసార్లు ఊట కనిపిస్తుంది. ఎలుక బొరియలో, చెట్టు వేళ్లు కుళ్లిన చోటో, పాత తూము పక్కనో. తేట నీరు వస్తుంటే కనిపెట్టి ఉండాలి. బురద నీరు వస్తోందంటే లోపల మట్టి కోసుకుపోతోందన్నమాట. కంగారులో చాలామంది ఊట నోట్లో బస్తా కుక్కుతారు. నీరు పక్కన మరో దారి వెతుక్కుంటుంది. ఊట చుట్టూ గుండ్రంగా బస్తాల కట్ట వేసి లోపల నీరు లేవనివ్వాలి. లోపలి మట్టం పెరిగేకొద్దీ ఊట జోరు తగ్గి మట్టి రావడం ఆగుతుంది. బస్తాలో సగానికి కాస్త ఎక్కువ ఇసుక చాలు. మూతిదాకా నింపితే ఒకదానిమీద ఒకటి సర్దుకోక సందుల్లోంచి నీరు కారుతుంది. ఇసుక, బస్తాలు, సరుగుడు బాదులు జూన్‌కల్లా గట్టు మీద ఉండాలి. గట్టు నానాక లారీ ఎక్కితే దిగబడుతుంది, గట్టూ కుంగుతుంది. రాత్రి కాపలాకు ఇద్దరేసి, టార్చిలతో, నదివైపు కాదు, ఊరివైపు గట్టు కాలు (అడుగు అంచు) చూసుకుంటూ నడవాలి.

ఇక తరలింపు. నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్ రోగులు, పశువులు మొదటి హెచ్చరికకే గట్టు దాటాలి. చాకలిపాలెం - కనకాయలంక కాజ్‌వేలాంటివి ముందే మునుగుతాయి. ఆ తర్వాత అన్నీ పడవ మీదే. 1070, 112 నంబర్లు ఉన్నాయి, మంచిదే. కానీ నీరొస్తే కరెంటు తీసేస్తారు, బ్యాటరీ దిగాక సెల్ టవర్ మూగబోతుంది. ప్రతి లంకకూ ఒక వైర్‌లెస్ సెట్టు, గుడిలోనో మసీదులోనో చర్చిలోనో బ్యాటరీ మైకు జులైకి ముందే ఇచ్చి, ఒకసారి మాట్లాడించి చూడాలి.

- నీటిపారుదల శాఖ విశ్రాంత ఇంజినీరు, అమలాపురం