మంత్రి గారూ, ఆ తీరంలో లైట్లు ఆపించండి

గౌరవనీయులైన పర్యాటక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ఇది నేను మీకు రాస్తున్న ఐదో ఉత్తరం. ముందు రాసిన నాలుగూ మీ కార్యాలయానికి అందినట్టు రసీదులు నా దగ్గర ఉన్నాయి. రెండింటికి జవాబే లేదు. మూడోదానికి ‘పరిశీలనలో ఉంది’ అని ఒక్క ముక్క వచ్చింది. నాలుగోదానికి మాత్రం, తాబేళ్లు గుడ్లు పెట్టే కాలమంతా రాత్రి 8 దాటాక తీరంలో లైట్లు ఆపేస్తామని కాగితం మీద రాసి ఇచ్చారు. ఆ కాగితం చూసి ఎంత సంతోషించానో చెప్పలేను. ఆ కాలం వచ్చింది, సగం గడిచిపోయింది కూడా. లైట్లు తెల్లవార్లూ వెలుగుతూనే ఉన్నాయి. అందుకే ఈసారి నలుగురి ముందు రాస్తున్నాను.

ఏ దీవి, ఏ బీచ్ అన్నది మీకు తెలుసు. పేరు ఇక్కడ రాయను. పేరు బయట వినపడిన ప్రతిసారీ ఆ ఇసుక మీద తొక్కిడి పెరుగుతోంది. సుందరీకరణ పథకం సంగతులూ మళ్లీ ఏకరువు పెట్టను, ఆ ఫైలు మీ దగ్గరే ఉంది.

‘ఇసుక, నీళ్లు, కొబ్బరిచెట్లు... బీచ్‌లన్నీ ఒకటే కదండీ, దీనికేంటి ప్రత్యేకత?’ అని ఒక అధికారి నన్ను అడిగారు. ఆ రోజు కంగారులో సరిగా చెప్పలేకపోయాను.

అయ్యా, ఆ తెల్లటి ఇసుకలో చాలా భాగం చేపలు చేసి పెట్టింది. చిలక చేపలు ముక్కులాంటి పళ్లతో పగడాల దిబ్బను గీకి, దాని మీది నాచు తింటాయి. నాచుతో పాటు లోపలికి పోయిన పగడపు రాయి పొడి అయ్యి ఇసుకగా బయటికి వస్తుంది. పెద్ద చేప ఒక్కటి ఏడాదిలో వందల కిలోల ఇసుక చేయగలదు. నీళ్లలో తల ముంచి, ఊపిరి బిగబట్టి వినండి, కరకరమని అవి కొరుకుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఆ తెలుపు ఎండను తిప్పికొడుతుంది కాబట్టే మధ్యాహ్నం కూడా చెప్పులు లేకుండా నడవగలుగుతున్నాం. ఇక ఆ పగడాల దిబ్బే లేకపోతే ఇసుక అక్కడ నిలవదు. అలల శక్తిలో సగటున 97 శాతాన్ని పగడాల దిబ్బలే అణిచేస్తాయని 2014లో శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. పసిపిల్లలు మోకాలి లోతు నీళ్లలో భయం లేకుండా ఆడుకుంటున్నారంటే అది ఆ దిబ్బ చలవే.

కానీ నన్ను ఇరవై ఏళ్లుగా అక్కడికి రప్పిస్తున్నది చీకటి. చెట్ల వరస వెనక ఒక్క దీపం ఉండేది కాదు. చంద్రుడు లేని రాత్రి నడుస్తుంటే తడి ఇసుకలో అడుగు పడిన చోట నీలంగా మెరిసేది. తల ఎత్తితే పాలపుంత. అలాంటి రాత్రుల్లోనే తల్లి తాబేలు ఒడ్డుకు వచ్చి, వెనక కాళ్లతో గుంత తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోయేది. దగ్గర దగ్గర రెండు నెలలకు పిల్లలు బయటికి వస్తాయి. వాటికి దారి చూపించేవాళ్లు ఎవరూ ఉండరు. నేల బారున ఎటు వెలుగు ఎక్కువగా ఉంటే అటు పాకడమే వాటికి తెలుసు. వెనక చెట్ల నీడ నల్లగా, ముందు సముద్రం కాస్త తెల్లగా కనిపించినన్నాళ్లూ ఏ పిల్లా దారి తప్పలేదు.

సుందరీకరణ పేరుతో మీరు లైట్ల స్తంభాలు పాతించారు. సముద్రం బాగా కనపడాలని చెట్లు కొట్టించారు. మొన్న తెల్లవారుజామున నాలుగింటికి నేను చూసింది చెబుతాను. అరచేతిలో సగం కూడా లేని పిల్ల ఒకటి మూడో స్తంభం కింద సిమెంటు గట్టుకు తల ఆనించి, ముందు కాళ్లతో గీరుతూనే ఉంది. కళ్ల నిండా ఇసుక. ఎంతసేపటి నుంచి గీరుతోందో, పొట్ట కింద చర్మం కొట్టుకుపోయింది. దాన్ని తీసుకెళ్లి నీళ్ల అంచున వదిలితే మళ్లీ వెనక్కి తిరిగింది, లైటు వైపే. మళ్లీ తిప్పాను, మళ్లీ వెనక్కి తిరిగింది. చివరికి నా ఒంటితో వెలుగుకు అడ్డం నిలబడితే, ఆ నీడలో నుంచి నీళ్లలోకి వెళ్లింది. అంత పెద్ద తీరంలో నేనొక్కదాన్నే ఎన్నింటికి అడ్డం నిలబడగలను చెప్పండి? గట్టు అవతల కాలువలో ఎండిపోయినవి కనిపించాయి. లెక్క పెట్టలేదు, పెట్టబుద్ధి కాలేదు.

పొద్దున్నే వచ్చే ట్రాక్టర్ గురించి కూడా ఒక మాట. అది ఒడ్డున పడ్డ సముద్రపు నాచును చెత్త అని ఊడ్చేస్తోంది. పీతలకూ పక్షులకూ తిండి దొరికేది అందులోనే. దాని చక్రాల కింద పొదుగుతున్న గుడ్లు ఏమవుతాయో నేను చెప్పక్కర్లేదు. చెట్లు పోయి ఇసుక వేడెక్కితే పుట్టేవి చాలావరకు ఆడపిల్లలే అవుతాయి, తాబేలు ఆడదా మగదా అన్నది గూటి వేడిని బట్టే ఉంటుంది. ఈ సంగతులన్నీ నా మూడో ఉత్తరంలోనే రాశాను.

లైట్లు ఆపితే టూరిస్టులు రారని మీవాళ్ల టెన్షన్. ఫిలిప్పీన్స్ 2018లో బొరాకే దీవిని ఆరు నెలలు పూర్తిగా మూసింది. థాయ్‌లాండ్ అదే ఏడాది మాయా బే అనే తీరాన్ని మూసి, 2022 జనవరిలో గానీ తెరవలేదు. తెరిచాక కూడా పడవలను ఆ బే లోపలికి రానివ్వడం లేదు. అయినా జనం రావడం మానలేదు. నేను మిమ్మల్ని మూసేయమని అడగడం లేదు. రాత్రి పూట ఆపమంటున్నాను. దారి కోసం తప్పదంటే నేలకు దగ్గరగా, సముద్రం వైపు కనపడకుండా మూత వేసిన ఎర్ర లైట్లు పెట్టించండి, వాటికి పిల్లలు అంతగా మోసపోవు. ట్రాక్టర్‌ను ఈ కాలమంతా ఆపించండి. కొట్టిన చోట చెట్లు నాటించండి. మీరు రాసిచ్చిన మాటనైనా నిలబెట్టండి, దయచేసి.

ఇవాళ సముద్రంలోకి వెళ్లిన ఆడపిల్ల 20, 30 ఏళ్లకు పెద్దదై, తను పుట్టిన తీరాలనే వెతుక్కుంటూ వస్తుంది. ఈ ఏడాది పోయినవాటి లోటు అప్పటికి గానీ బయటపడదు. అప్పుడు మీరూ ఆ కుర్చీలో ఉండరు, నేనూ ఉత్తరాలు రాసే వయసులో ఉండను.

ఇంకా పొదగని గూళ్లు ఉన్నాయి. మొదటి స్తంభానికీ మూడో స్తంభానికీ మధ్య ఉన్నవి వచ్చే అమావాస్య లోపల విచ్చుకుంటాయి. సంతకాలు, ఫైళ్లు అప్పటికి తెమలవంటే, ఆ లైట్ల స్విచ్ బోర్డు తాళం ఎవరి దగ్గర ఉందో అదైనా చెప్పించండి. రోజూ రాత్రి 8 గంటలకు నేనే వెళ్లి ఆపుతాను, తెల్లారాక తాళం తిరిగి అప్పగిస్తాను.

ఇట్లు,
ఆ తీరాన్ని ప్రేమించే ఒక పౌరురాలు