అతుకు చూశాకే సంతకం: యాక్రిలిక్ చేపల తొట్టి కొనేవారి తరఫున

సంపాదకులకు నమస్కారం.

గాజు అక్వేరియంలు ఉన్న చోట యాక్రిలిక్ అనే పారదర్శక ప్లాస్టిక్‌తో చేసిన తొట్లు కనిపించడం ఎక్కువవుతోంది. గాజులో సగం కన్నా తక్కువ బరువు, పగిలితే పెంకులుగా చెదరని గుణం, తొంభై శాతానికి పైగా వెలుతురును లోపలికి పంపే స్వచ్ఛత చూసి కొనేవారిని తప్పుపట్టలేం. అయితే వచ్చిన తొట్టిని ఎలా పరిశీలించి తీసుకోవాలో మాత్రం వారికి ఎవరూ చెప్పడం లేదు. పెట్టె దించిన మరుక్షణం సంతకం అడిగే రవాణా సిబ్బంది ఒకవైపు, లోపాలుంటే ఒకటి రెండు రోజుల్లో తెలపకపోతే బాధ్యత మాది కాదనే విక్రేతల నిబంధన మరొకవైపు ఉండగా, కొన్నవారికి ఆ తొట్టిని సరిగా చూసుకునే వ్యవధే చిక్కడం లేదు. ఆ గడువు యాక్రిలిక్ తొట్టికి ఏమాత్రం సరిపోదని, దానిని మార్చి తీరాలని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

గాజు తొట్టిలో పలకలను సిలికోన్ పట్టి ఉంచుతుంది; కారితే పాత సిలికోన్ గీకి కొత్తది వేసుకోవచ్చు. యాక్రిలిక్ అతుకు తీరు వేరు. పలకల అంచులను ఒకదానికొకటి ఆనించి, ఆ సందులోకి పలుచని ద్రావకాన్ని సూదితో పంపితే, అది రెండు ఉపరితలాలనూ కొద్దిగా కరిగించి కలిపి, తర్వాత ఆవిరైపోతుంది. మందమైన పలకలకు రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురును వాడతారు. ఏ పద్ధతిలోనైనా అతుకు బలం అంచును ఎంత చదునుగా కోశారు, ద్రావకం ఎంత సమంగా పాకింది, గట్టిపడేదాకా పలకలను కదపకుండా ఉంచారా లేదా అన్న వాటి మీదే ఆధారపడుతుంది. ఇందులో ఏ ఒక్కటి తప్పినా ఇంట్లో సరిదిద్దుకోవడం కష్టం. పైన సిలికోన్ పూస్తే సరిపోతుందని కొందరు ఇచ్చే సలహాను నమ్మవద్దు; సిలికోన్ యాక్రిలిక్‌ను గట్టిగా అంటి ఉండదు.

అదృష్టవశాత్తు ఈ లోపాలలో చాలా భాగం కంటికి కనిపిస్తాయి. పలకలపై రక్షణ పొర ఉంటే ముందుగా దానిని పూర్తిగా తీసివేయాలి, ఎందుకంటే అతుకుల వెంబడి మిగిలిపోయిన పొరే ఎన్నో లోపాలను దాచిపెడుతుంది. తర్వాత గది చీకటి చేసి, అతుకు మీదికి టార్చిలైటును ఏటవాలుగా పట్టి, తొట్టి బయటి నుంచి, లోపలి నుంచి, అంచు వైపు నుంచి నెమ్మదిగా చూసుకుంటూ పోవాలి. పూర్తిగా కలిసిన అతుకులో వెలుతురుకు అడ్డేమీ ఉండదు కాబట్టి అది స్వచ్ఛంగా ఉంటుంది. ద్రావకం చేరని చోట సన్నని గాలి పొర మిగిలిపోతుంది. వెలుతురును ఎంతగా వంచుతుందో తెలిపే వక్రీభవన గుణకం యాక్రిలిక్‌కు సుమారు 1.49, గాలిది దాదాపు 1 కావడంతో, ఏటవాలుగా పడిన వెలుతురు అక్కడ సంపూర్ణాంతర పరావర్తనం చెంది వెనక్కి మళ్లుతుంది, ఆ భాగం వెండి రేకులా మెరుస్తుంది.

కనిపించిన ప్రతి బుడగకూ భయపడనక్కరలేదు. అతుకు మధ్యలో అక్కడొకటి ఇక్కడొకటి ఉన్న గుండుసూది తలంత బుడగలు చూపుకు లోపమే తప్ప బలానికి పెద్ద లోటు కాదని నా అభిప్రాయం. బుడగలు వరుస కట్టి ఉన్నా, మెరిసే పట్టీ లోపలి అంచు దగ్గర మొదలై బయటికి సాగుతున్నా, అతుకు పొడవునా పాల తెలుపు పొర కనిపించినా ఆ తొట్టిని తీసుకోకూడదు. అడుగు పలక చుట్టూ ఉన్న అతుకును, నిలువు మూలల కింది భాగాన్ని మరింత నిదానంగా చూడాలి, ఎందుకంటే నీటి ఒత్తిడి ఎక్కువగా పడేది అక్కడే.

అతుకుల పక్కన వెంట్రుకల్లాంటి సన్నని నెర్రెలు గుంపుగా ఉంటే అది ఇంకా తీవ్రమైన విషయం. పలకలో మిగిలిపోయిన ఒత్తిడికి ద్రావకం తగిలినప్పుడు ఇవి పుడతాయి. మెరుపు కోసం మంటతో నునుపు చేసిన అంచుకు ఆ తర్వాత జిగురు తగిలిస్తే ఇవి వచ్చే అవకాశం ఎక్కువ. గీతలను సన్నని రాపిడి కాగితాలతో దశలవారీగా రుద్ది పోగొట్టవచ్చు గాని నెర్రెలను అలా పోగొట్టలేం. ఇక్కడే ఒక హెచ్చరిక కూడా చేయాలి. దుమ్ము తుడిచి చూద్దామని అమ్మోనియా ఉన్న గాజు క్లీనరునో, స్పిరిటునో వాడితే వెతుకుతున్న నెర్రెలను మన చేతులతో మనమే తెచ్చినట్టవుతుంది. నీటిలో తడిపిన మెత్తని గుడ్డ చాలు.

రవాణా దెబ్బలు ఎక్కువగా మూలలకు తగులుతాయి. పెట్టె విప్పక ముందే అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి, అట్ట నలిగిన చోటు ఏ మూలకు ఎదురుగా ఉందో గుర్తు పెట్టుకుని, విప్పాక ఆ మూలనే మొదట చూడాలి. పైపుల కోసం రంధ్రాలు చేసిన తొట్టి అయితే ప్రతి రంధ్రం చుట్టూ, పై చట్రం లోపలి మూలల్లోనూ పగుళ్లున్నాయేమో వెతకాలి. గుండ్రంగా కాకుండా కోణంగా కోసిన మూలల నుంచే పగుళ్లు మొదలవుతుంటాయి. ఇదంతా చూసే వీలు లేకుండా సంతకం చేయవలసి వస్తే, రసీదు మీదనే ‘వస్తువును ఇంకా పరిశీలించలేదు’ అని రాసి చేయడం మంచిది.

ఎండలోనో చలిలోనో ప్రయాణించి వచ్చిన తొట్టిని గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా నింపకూడదు. మీటరు పొడవున్న యాక్రిలిక్ పలక పది డిగ్రీల తేడాకు సుమారు 0.7 మిల్లీమీటర్లు సాగుతుంది లేదా కుంచించుకుపోతుంది. గాజు పలకలో ఆ మార్పు 0.1 మిల్లీమీటరు కూడా ఉండదు.

ఇంత చూసినా నీరు నింపితే తప్ప బయటపడని లోపాలు మిగిలే ఉంటాయి. 120 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న తొట్టిలో 430 కిలోలకు పైగా నీరు పడుతుంది. ముందు పలక ఒక్కదాని మీదే మొత్తం 200 కిలోలకు మించిన తోపు ఉంటుంది. అడుగు పలక అంతటా ఆనేలా చదునైన పీట మీద, రసమట్టంతో సరిచూసి నిలిపి, మొదట మూడో వంతు, తర్వాత సగం, ఆపైన పూర్తిగా, మధ్య మధ్య గంటల విరామమిస్తూ నింపాలి. అడుగు అతుకు చుట్టూ పొడి కాగితం పరిస్తే ఒక్క చుక్క చెమ్మ అయినా తెలిసిపోతుంది. నిండిన తొట్టిని కనీసం మూడు రోజులు అలాగే ఉంచాలి. ముందు పలక కాస్త ఉబ్బడం యాక్రిలిక్‌కు సహజమే. నిటారైన బద్ద ఆనించి ఆ ఉబ్బును మొదటి రోజున, మూడో రోజున కొలిచినప్పుడు ఇంకా పెరుగుతూనే ఉంటే అది సహజం కాదు. ఈ పరీక్ష పూర్తయ్యేసరికి విక్రేత ఇచ్చిన గడువు ఎప్పుడో దాటిపోతుంది.

తొట్టి పగిలాక కారణం తేల్చడం ఎంత కష్టమో బెర్లిన్‌లో జరిగిన సంఘటన చూపింది. అక్కడ ఒక హోటల్‌లో ఉన్న ఆక్వాడోమ్ అనే స్తంభాకారపు యాక్రిలిక్ అక్వేరియం 2022 డిసెంబరు 16 తెల్లవారుజామున బద్దలై, సుమారు 10 లక్షల లీటర్ల నీరు వెల్లువెత్తింది. దాదాపు 1,500 చేపల్లో అత్యధికం చనిపోయాయి. ముక్కలను సేకరించి పరిశీలించిన నిపుణులు అతుకు విఫలం కావడాన్ని ఒక సంభావ్య కారణంగా పేర్కొన్నారు గాని ఇదే కారణమని తేల్చి చెప్పలేకపోయారు. అంతటి సాధన సంపత్తి ఉన్నవారికే సాధ్యం కానప్పుడు, తడిసిన గదిలో నిలబడిన మామూలు కొనుగోలుదారు తప్పు అతుకుదేనని ఎలా రుజువు చేయగలడు?

అందువల్ల విక్రేతలను నేను కోరేది మూడే. లోపాలు తెలిపే గడువును పెట్టె అందిన రోజు నుంచి కాక నీటి పరీక్ష ముగిసే నాటి నుంచి లెక్కించాలి. ఇల్లు సర్దుకోవడానికి కావలసిన కొద్ది రోజులూ అందులో కలపాలి. తయారీ చోట తొట్టిని నింపి చూశారా, ఎన్ని రోజులు ఉంచారు అన్నది రాతపూర్వకంగా ఇవ్వాలి. పంపే ముందు ప్రతి అతుకునూ దగ్గర నుంచి ఫొటో తీసి జతచేయాలి. దానివల్ల దెబ్బ దారిలో తగిలిందా, లోపం మొదటి నుంచీ ఉందా అన్న వాదనకే చోటుండదు, నిజాయితీగా పనిచేసే తయారీదారులకూ అది రక్షణే అవుతుంది. మీ పత్రిక వినియోగదారుల శీర్షికలో ఈ విషయానికి చోటిచ్చి, విక్రేతల వివరణను కూడా ప్రచురించవలసిందిగా మనవి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు