నడిచే సొరచేప

ప్రియమైన రఘూ,

సొరచేప ఎదురైతే భయం వేయలేదా అని అడిగావు కదా, దానికి ఫోనులో రెండు ముక్కల్లో జవాబు చెప్పడం నాకు ఇష్టం లేక ఇలా రాస్తున్నాను. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బ్యారియర్ రీఫ్ దక్షిణ భాగంలో హెరాన్ అనే చిన్న పగడపు దీవి ఉంది. అక్కడ నేను చూసిన ఎపాలెట్ షార్క్ మీటరు పొడవు కూడా లేదు. భయపెట్టే లక్షణం దానిలో ఒక్కటీ కనిపించలేదు.

లేత గోధుమరంగు ఒంటి నిండా ముదురు చుక్కలు, మొప్పల వెనుక రెండు వైపులా తెల్లని అంచున్న పెద్ద నల్లమచ్చ. పగడాల సందులో కదలక పడుకుంటే పక్కనుంచి పోయేవారికి కూడా ఆనదు. కదిలినప్పుడే దాని అందం. ఈదడం తెలిసినా, ముందు రెక్కలనూ వెనుక రెక్కలనూ మార్చి మార్చి నేలకు ఆనిస్తూ, ఒళ్లు అటూ ఇటూ వంచుతూ, బల్లిలా నడుస్తుంది. మధ్యలో ఆగి, ముక్కును ఇసుకలోకి దూర్చి పురుగులనూ పీతలనూ వెతుక్కుంటుంది.

ఆ నడక విలువ ఆటు సమయంలో తెలుస్తుంది. సముద్రం వెనక్కి తగ్గాక దిబ్బ మీద నీటి గుంటలు మిగులుతాయి. రాత్రిపూట వాటిలో చిక్కుకున్న జీవులన్నీ ఊపిరి తీసుకోవడంతో నీటిలోని ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఇతర చేపలు తట్టుకోలేని ఆ స్థితిలో ఈ సొరచేప గుండె వేగాన్నీ రక్తపోటునూ తగ్గించుకుని, మెదడుకు మాత్రం రక్తం అందేలా చూసుకుంటుంది. మామూలు స్థాయిలో 5 శాతం ఆక్సిజనే ఉన్న నీటిలో కూడా ఇది మూడు గంటలకు పైగా బతికినట్లు ప్రయోగాల్లో తేలింది. గుంట మరీ ఇరుకైతే, నీరు లేని దిబ్బ మీదుగానే పక్క గుంటకు నడిచిపోతుంది. కోరల సొరచేపల కథలు చెప్పేవారు దీన్ని ఎందుకు పట్టించుకోరో నాకు అంతుబట్టదు!

తాబేళ్లూ, చిలుక చేపలూ, నీలి నక్షత్ర చేపలూ కూడా కనిపించాయి, వాటి ఫోటోలు విడిగా పంపుతాను. ఈ సొర పిల్లలు మాత్రం నా కంట పడలేదు. గుడ్డు పొదగడానికి సుమారు నాలుగు నెలలు పడుతుందట; జానెడైనా లేని ఆ పిల్లల ఒంటిమీద చుక్కలకు బదులు అడ్డపట్టీలు ఉంటాయి. నువ్వు వచ్చేటట్లయితే, చీకటి పడ్డాక ఆటు వచ్చే రోజులు చూసుకుని టికెట్టు తీసుకో.

నీ,
శ్రీను