ఎడమ పేజీ ఒడియా, కుడి పేజీ తెలుగు: ఒడిశా విద్యాశాఖ మంత్రి గారికి పర్లాకిమిడి నుంచి

మంత్రి గారికి నమస్కారం.

మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. సాయంత్రం ఆరయ్యేసరికి వీధిలో పిల్లలు ఏడెనిమిది మంది మా అరుగు మీద చేరతారు. నేను కథలు చదువుతాను, వాళ్ళు వింటారు. వాళ్ళకి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. తెలుగు చెవికి బాగా తెలుసు, కంటికి తెలీదు.

పోయిన వేసవిలో ‘రైలుబడి’ చదివాను. జపాన్‌లో 1981లో వచ్చిన ‘తొత్తోచాన్’కి అది తెలుగు అనువాదం. బడిలో చేరిన మొదటిరోజు హెడ్మాస్టరు తొత్తోచాన్ అనే పాపని కూర్చోబెట్టుకుని నాలుగు గంటలు ఆమె కబుర్లు వింటారు. ఐదో తరగతి పిల్ల ఒకతి చటుక్కున ఆపింది. “నాలుగు గంటలా పిన్నీ? మధ్యలో ఊరుకోమనలేదా?” లేదన్నాను. మళ్ళీ చదవమంది. ఆ పేజీ మూడుసార్లు చదివాను. పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళి, రెండు రోజులకే తెచ్చి ఇచ్చేసింది. “ఒడియాలో అయితే నేనే చదువుకుందును” అంది. ఒడియాలో ఉన్నా, మా ఊళ్ళో దొరికే చోటు నాకు కనపడలేదు.

నేను చూసిన ఒక బడిలో పుస్తకాల బీరువాకి తాళం వేసి ఉంది. చిరిగితే ఎవరు లెక్క చెప్పాలని మాస్టారి టెన్షన్. ఆయన్ని తప్పుపట్టను. చదివి చిరిగిన పుస్తకానికి ఎవరూ సంజాయిషీ ఇవ్వక్కర్లేదని మీరు ఒక్క కాగితం పంపితే ఆ తాళాలు ఊడతాయి.

రెండో మనవి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో 2015 నుంచి పిల్లల కథలు ఉచితంగా ఉన్నాయి. ఎక్కడెక్కడి దేశాల కథలో అందులో ఉన్నాయి. తెలుగులోనూ ఉన్నాయి, ఒడియాలోనూ ఉన్నాయి. రాసినవారి పేరు వేసి ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, అనువదించుకోవచ్చు. వాటిలోంచి కథలు ఏరి ఎడమ పేజీలో ఒడియా, కుడి పేజీలో తెలుగు వేయించండి. గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ బడులకు పంపించండి. ఒడియా చదవగలిగిన పిల్ల, అదే కథ పక్కనే ఉంటే తెలుగు అక్షరం తనే పోల్చుకుంటుంది. ఇదేం కొత్త సంగతి కాదు. మా చిన్నప్పుడు తెలుగువాళ్ళ చేతిలో చందమామ ఉంటే ఒడియావాళ్ళ చేతిలో అదే పత్రిక జహ్నమాము పేరుతో ఉండేది.

సవర గిరిజన పిల్లలున్న చోట సవర భాష కూడా చేర్చండి. వాళ్ళకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి గారు వాచకాలు రాసింది ఈ పర్లాకిమిడిలో ఉండే.

ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడిన రోజుగా ఉత్కళ దివస్ చేసుకుంటాం. ఆ మర్నాడే అంతర్జాతీయ బాలల పుస్తక దినోత్సవం, 1967 నుంచి జరుగుతోంది. ఆ రోజు ప్రతి బడిలో ఒక గంట పరాయి దేశపు కథ పైకి చదివించండి. ప్రశ్నలు, మార్కులు వద్దు.

ఆ పిల్ల ఇప్పుడు ఆరో తరగతి. ‘రైలుబడి’ మా గూట్లోనే ఉంది, అప్పుడప్పుడూ వచ్చి బొమ్మలు చూసి వెళ్తోంది.

ఇట్లు,
పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు