ఆ రాయి మీద మావోడి ఊరు పేరు కూడా రాయండి

సంపాదకుడు గారికి నమస్కారం అండీ,

మా విజయనగరంలో నేను చదువుకున్న కాలేజీలో కొత్త బిల్డింగ్ కడతన్నారు, గేటు పక్కనున్న స్మారక స్తూపం అడ్డొస్తందని దాన్ని తీసీసి గ్రౌండ్ పక్కన కొత్తది పెడతారంట. ప్లేసు మారిస్తే మంచిదే, ఇప్పుడున్న చోట దాన్ని ఆనించి స్కూటర్లు పెడతన్నారు, ఎలక్షన్లొస్తే దానికే ఫ్లెక్సీలు కడతన్నారు. నేను రాస్తున్నది కొత్త రాయి మీద ఏం చెక్కుతారన్న దాని గురించి.

ఆ స్తూపం మా బ్యాచ్ ఎన్‌సీసీ కేడెట్‌ది. ఎన్‌సీసీలో పైదైన సి సర్టిఫికెట్ తెచ్చుకుని ఆర్మీలో చేరాడు, 1999లో కార్గిల్‌లో చనిపోయాడు, అప్పుడు దేశం పోగొట్టుకున్న 527 మందిలో ఒకడు. పరేడ్ ఉన్న రోజు తెల్లారగట్ల మొదటి బస్సుకే దిగిపోయేవాడు, పరేడ్ అయ్యాక ఇచ్చే పొట్లంలో పూరీలు తినేసి స్వీటు మాత్రం చెల్లికని జేబులో పెట్టుకునేవాడు. ఇవన్నీ రాయి మీద పట్టవు, తెలుసు. కానీ ఇప్పుడున్న పలక మీద అంతా ఇంగ్లీషే, నెంబరు, ర్యాంకు, రెజిమెంటు, పేరు, ఆ పేరు కూడా ఆర్మీ రికార్డులో ఉన్నట్టే దించీసారు, మనకి ముందుండే ఇంటిపేరు చివరకెళ్ళిపోయింది, వాడి అసలు పేరు ఒక్క పొడి అక్షరం అయిపోయింది. ఓపెనింగ్ రోజు వాళ్ళూరి నుంచి ఆటోల్లో వచ్చినవాళ్ళే ఇది మనోడిదేనా అని నన్నడిగారు. వాళ్ళమ్మ రాత్రిబడిలో తెలుగు అక్షరాలు నేర్చుకుంది, ఇంగ్లీషు రాదు. నేను చదివి చెప్తే మొత్తం విని "మా ఊరి పేరు నేదేటి బాబూ" అంది. ఇప్పటికీ ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

మన పక్కనే కోరుకొండ సైనిక్ స్కూల్ ఉంది, రాజుల ప్యాలెస్‌లో 1962లో పెట్టింది. సూర్యాపేట నుంచి చిన్నప్పుడే వచ్చి అక్కడ కేడెట్‌గా పెరిగిన బిక్కుమళ్ళ సంతోష్ బాబు గారు ఆర్మీలో 16 బీహార్ బెటాలియన్‌కి కమాండింగ్ ఆఫీసర్ అయ్యి 2020 జూన్ 15 రాత్రి లడఖ్‌లోని గల్వాన్‌లో చైనా వాళ్ళతో పోరాడి ప్రాణం ఇచ్చారు, ఆయనతో కలిపి 20 మంది, తర్వాత మహావీర చక్ర వచ్చింది. ఆ వార్త విన్నప్పుడు మా వీధిలో సూర్యాపేట ఎటుందో తెలియనోళ్ళు కూడా మన కోరుకొండ కుర్రాడు అని ఏడ్చారు, అక్కడోళ్ళు మా సూర్యాపేట బిడ్డ అన్నారు, రెండూ నిజమే. ఊరూ బడీ తెలిసాయి కాబట్టే మనవాడనుకున్నాం. మావోడి రాయి చూసినోళ్ళకి ఆ దారి లేదు. మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఇప్పటికీ కుర్రాళ్ళు చీకటితోనే లేచి 1600 మీటర్ల రన్నింగ్ ప్రాక్టీసు చేస్తన్నారు, శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలో ఆర్మీ సెలెక్షన్ ర్యాలీ అంటే ముందురోజు రాత్రే వచ్చి పడుకునేవాళ్ళు, వాళ్ళలో ఎవడో ఒకడు రేపు ఈ కాలేజీలో చేరి ఆ రాయి దగ్గర నిలబడితే మా పక్కూరోడే అని తెలియాలి గదా.

కాబట్టి కాలేజీ వాళ్ళకి మీ పేపర్ ద్వారా చెప్పేది ఏంటంటే, పైన తెలుగులో రాయించండి, ఇంటిపేరు ముందు, పూర్తి పేరు, ఊరు, మండలం, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా మన దగ్గర ఏ గ్రూపు చదివాడో, ఏ తేదీన ఎక్కడ చనిపోయాడో. ఆర్మీ వివరాలు కింద ఇంగ్లీషులో ఉన్నా పర్లేదు. గ్రానైట్ షాపు వాళ్ళు అక్షరానికి ఇంత అని లెక్కేస్తారు, ఆ ఖర్చు మా బ్యాచ్ వాళ్ళం వేసుకుంటాం. చెక్కాక తప్పుంటే దిద్దడం అవ్వదు, పలకే మార్చాలి, అందుకని ముందు మేటర్ కాగితం మీద రాసి వాళ్ళమ్మకి చూపించండి, ఊరు బస్సులో గంట దూరమే, కావాలంటే నేనే తీసుకెళ్తాను. ఆవిడకి ఇప్పుడు చూపు తగ్గింది, అక్షరాలు కాస్త పెద్దవి పెట్టించండి.

ఇట్లు
ఒక పాత ఎన్‌సీసీ కేడెట్, విజయనగరం