ఆ పాత టీవీ టేపుల్లో మనవాళ్లు ఎవరెవరున్నారో చెప్పండి

సంపాదకులు గారికి నమస్కారం.

కిందటి ఆదివారం మీ అనుబంధంలో దూరదర్శన్ పాత రోజుల మీద రెండు పేజీలు వేశారు. ఆసక్తిగా చదివాను, ఫోటోలు కూడా బాగున్నాయి. కానీ మొదటి నుంచి చివరిదాకా రామాయణం, మహాభారతం, ఆదివారం సినిమా, శుక్రవారం చిత్రలహరి, అంతే. ఆ రోజుల్లో టీవీలో కథకులు కూర్చుని తీరిగ్గా మాట్లాడేవారని, అరగంట పాటు ఒక్క వీణే వినిపించేదని, హరికథలూ బుర్రకథలూ వచ్చేవని ఒక్క ముక్క లేదు. టీవీ అంటే నాకు ముందు గుర్తొచ్చేవి అవే కాబట్టి ఉండబట్టలేక రాస్తున్నాను.

మాది విజయనగరం. ముప్ఫై ఏళ్లకి పైగా హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఢిల్లీలో టీవీ 1959 సెప్టెంబరు 15న మొదలైంది, హైదరాబాదుకి 1977లో వచ్చింది, మా వీధికి వచ్చేసరికి ఎనభైలు సగం దాటిపోయాయి. వీధి మొత్తానికి మా ఇంట్లో ఒక్కటే, చెక్క షట్టరున్న నలుపు తెలుపు టీవీ. గాలి వేస్తే చాలు యాంటెన్నా తిరిగిపోయేది. నాన్నగారు డాబా ఎక్కి గొట్టం పట్టుకుని "వచ్చిందేటి?" అని అరిస్తే, కింద నుంచి తమ్ముడు "ఇంకొంచెం వైజాగ్ వైపు తిప్పండి నాన్నా" అని అరిచేవాడు.

ఒక రాత్రి జాతీయ సంగీత కార్యక్రమంలో వీణ కచేరీ వచ్చింది. మాకు వీణ కొత్త కాదు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి వీణ చేస్తారని చిన్నప్పటి నుంచీ వింటున్నవాళ్లమే, రేడియోలో అయితే ఎన్ని కచేరీలు విన్నామో లెక్కలేదు. ఆ రాత్రి మాత్రం కెమెరా మెల్లగా ఎడమచేతి మీదికి వెళ్లి అక్కడే ఉండిపోయింది. రెండు వేళ్లు మెట్టు మీద తీగని పక్కకి లాగుతున్నాయి. కుడిచెయ్యి మీటింది ఒక్కసారే, పలికిన స్వరాలు మాత్రం మూడో నాలుగో. వేళ్ల కొసల్లో తీగ ఒరుసుకుని నల్లబడిన గీతలు కూడా కనిపించాయి. మా మామ్మ కుర్చీ ముందుకి జరుపుకుని "అదిగో, మళ్లీ మీటకుండానే పలికిస్తున్నాడు, గమకం అంటే ఇదేనే" అంది. మామ్మకి సంగీతం రాదు, వినికిడి జ్ఞానమే. డెబ్భై ఏళ్లు చెవులతో విన్నదాన్ని ఆవిడ మొదటిసారి కళ్లతో చూసింది. నాకు ఇప్పటికీ ఆ చెయ్యి గుర్తుంది, వాయించినాయన ముఖం గుర్తు లేదు.

సాహిత్య కార్యక్రమాలూ అంతే. వెనక ఒక పరదా, రెండు కుర్చీలు, మధ్యలో బల్ల మీద పూలకుండీ, ఇంకేమీ ఉండేది కాదు. అడిగినాయన ఒక ప్రశ్న అడిగి ఊరుకునేవారు. రచయిత కళ్లజోడు తీసి తుడుచుకుని, కాసేపు ఆలోచించుకుని, అప్పుడు మొదలుపెట్టేవారు. ఆ ఆలోచించుకునే సమయాన్ని ఎవరూ కత్తిరించేవారు కాదు. పుస్తకంలో చదివిన కథని రాసినాయన గొంతుతో, ఆయన యాసతో వింటే ఎక్కడ ఆగాలో, ఏ మాట మీద బరువు వెయ్యాలో తెలిసేది, మర్నాడు క్లాసులో నేను అలాగే చదివేదాన్ని, పిల్లలు కదలకుండా వినేవారు. ఇవి బోరు కొట్టేవని, ఎవరూ చూసేవారు కాదని అనేవాళ్లున్నారు. మా హాల్లో చాప మీద కూర్చుని చూసినవాళ్లలో ఎదురింటి కుట్టుమిషను ఆవిడా ఉంది, రిక్షా తొక్కే ఆయనా ఉన్నాడు, అందుకని ఆ మాట నేను ఒప్పుకోను.

బయటి దేశాల్లో ఇలాంటి వాటికి ఇచ్చిన చోటు చూస్తే మనం ఎంత తక్కువ చేశామో అర్థమవుతుంది. బ్రిటన్లో బీబీసీ 1958 నుంచి 1965 దాకా మానిటర్ అని కళల కోసమే ఒక కార్యక్రమం నడిపింది, 1969లో కెన్నెత్ క్లార్క్ చేత పాశ్చాత్య కళల చరిత్రని 13 భాగాలుగా చెప్పించింది. ఫ్రాన్స్‌లో బెర్నార్ పీవో అనే ఆయన 1975 నుంచి 1990 దాకా శుక్రవారం రాత్రుళ్లు రచయితల్ని కూర్చోబెట్టి పుస్తకాల గురించే మాట్లాడించాడు, ఆయన ప్రోగ్రాంలో మాట్లాడుకున్న పుస్తకాల కోసం జనం షాపులకి వెళ్లేవారు. అలాగని అక్కడా అంతా దాచుకోలేదు. టేపు ఖరీదు కాబట్టి ఒకసారి ప్రసారం అయ్యాక దాని మీదే ఇంకోటి రికార్డు చెయ్యడం బీబీసీలో డెబ్భైల చివరిదాకా జరిగింది. అలా చెరిగిపోయిన వాటి కోసం తర్వాత వాళ్లు దేశదేశాలూ వెతికారు, కొన్ని దొరికాయి కూడా.

నా బాధంతా ఇక్కడే ఉంది. మన విజయనగరం మహారాజా సంగీత కళాశాల 1919లో పెట్టారు. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు 1945లో పోయారు, గజ్జెకట్టి హరికథ చెప్పిన ఆ మనిషి కదలిక చూసే భాగ్యం మనకి లేదు. ద్వారం వెంకటస్వామినాయుడు గారు పోయింది 1964లో, హైదరాబాదుకి టీవీ రావడానికి 13 ఏళ్ల ముందు. ఆయన వయొలిన్ గ్రామఫోను రికార్డుల్లో వినగలం గానీ ఆ కమాను ఎలా కదిలేదో మన టీవీలో చూసే అవకాశమే లేకపోయింది. వాళ్ల విషయంలో ఎవర్నీ ఏమీ అనలేం. కానీ మన కథకులు చాసో గారు 1994 దాకా ఉన్నారు. శ్రీకాకుళం జిల్లా ప్రియాగ్రహారంలో పుట్టిన సంగీత విద్వాంసులు శ్రీపాద పినాకపాణి గారు 2013 దాకా, మన సంగీత కళాశాలలో చదువుకున్న గాయకులు నేదునూరి కృష్ణమూర్తి గారు 2014 దాకా, శ్రీకాకుళంలో తెలుగు కథలకని కథానిలయం అనే గ్రంథాలయం కట్టిన కథకులు కారా మాస్టారు 2021 దాకా ఉన్నారు. వీళ్లంతా టీవీ కాలం మనుషులు, వీళ్ల టేపులు ఉన్నాయో చెరిగిపోయాయో మాత్రం మనకి తెలీదు. జముకుల కథ, తప్పెటగుళ్లు, తూర్పు భాగవతం లాంటి మన జానపద కళాకారుల సంగతీ అంతే, వాళ్లకి పుస్తకం ఉండదు, ఆట చూస్తేనే ఉంటుంది.

తొంభైల్లో మా ఊళ్లో ఒక కేబుల్ ఆఫీసు సెప్టెంబరు 21న గురజాడ జయంతి సభల్ని వీడియో తీసి సాయంత్రం వేసేది. ఎంత మంచి పనో అది. పదేళ్ల తర్వాత ఒక సభ కాపీ కావాలని వెళ్లి అడిగాను. బీరువా తీసి చూపించాడు అక్కడి కుర్రాడు, కాసెట్ల మీద సభల పేర్లు కొట్టేసి పెళ్లిళ్ల పేర్లు రాసి ఉన్నాయి. "ఖాళీ కాసెట్లు దొరక్క దాని మీదే తీసేశాం టీచర్ గారూ" అన్నాడు. వాడి తప్పేం లేదు, వాటిని దాచాలని వాడికి ఎవరూ చెప్పలేదు. ఇంటికి వచ్చి ఆ రోజు అన్నం తినబుద్ధి కాలేదు.

దూరదర్శన్‌ని నడిపే ప్రసార భారతి వాళ్లు పాత టేపులు కొన్ని డిజిటల్ చేసి యూట్యూబులో పెడుతున్నారు, సంతోషం. అందులో ఉత్తరాంధ్ర రచయితలవీ, కళాకారులవీ ఏమేం ఉన్నాయో పేరూ తేదీతో ఒక జాబితా బయటపెట్టమని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. టేపు బాగా లేకపోయినా సరే, పేరుంటే చాలు, అడగడానికి ఆధారం ఉంటుంది. విజయనగరంలో గురజాడ గారి ఇల్లుంది, సంగీత కళాశాల ఉంది, శ్రీకాకుళంలో కథానిలయం ఉంది, నెలకొక సాయంత్రం అక్కడ తెర కట్టి వేస్తే పిల్లలు వస్తారు, నేను తీసుకొస్తాను. ఆలస్యం మాత్రం చెయ్యకూడదు. మన సముద్రపు గాలికి టేపు చెమ్మ పట్టి బూజొస్తుంది, ఆడించే మిషన్లూ కరువైపోయాయి, జపాన్లో ఆఖరి కంపెనీ కూడా వీసీఆర్ల తయారీ 2016లో ఆపేసింది.

ఇళ్లల్లో కాసెట్లున్నవాళ్లు దయచేసి పారేయకండి. నా దగ్గర రెండున్నాయి, అప్పట్లో తమ్ముడు టీవీ నుంచి రికార్డు చేసినవి, ఒకదాని మీద "వీణ" అని పెన్సిల్తో రాసుంది. కాసెట్ మీది చిన్న కిటికీలోంచి చూస్తే టేపు అంచున తెల్లగా బూజు కనిపిస్తోంది, అందుకే ఆడించడానికి భయపడుతున్నాను. బూజు శుభ్రం చెయ్యడం తెలిసినవాళ్లూ, పనిచేసే వీసీఆర్ ఉన్నవాళ్లూ విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఎవరైనా ఉంటే మీ పత్రికకి రాయమనండి, కాసెట్లు పట్టుకుని నేనే వస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు టీచరు, విజయనగరం